మొండి కిట్‌ను దారికి తెచ్చుకోవడం ఎలా: విమాన మోడళ్లు కట్టేవారికి

కష్టమైన కిట్ అనగానే చాలామంది పెట్టె మీద ముక్కల సంఖ్య చూస్తారు. కష్టానికి అది కొలత కాదు. మంచి అచ్చులో పోసిన మూడు వందల ముక్కల కిట్ ఒక్కోసారి జిగురు లేకుండానే టక్కున కూర్చుంటుంది. అరవై ముక్కలే ఉన్న షార్ట్ రన్ (కొద్ది సంఖ్యలో తయారయ్యే) కిట్ మాత్రం రెక్కకూ ఫ్యూజలాజ్‌కూ (విమానం మొండేనికి) మధ్య గోరు దూరేంత సందు వదిలి ఊరుకుంటుంది. ఈ గైడ్ రెండో రకం కోసం. మామూలు కిట్లు నాలుగైదు పూర్తిచేసి, అతుకును నున్నగా అరగదీయడం, ఎయిర్‌బ్రష్ పట్టడం వచ్చినవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొండి కిట్ బాగా వస్తుందా లేదా అన్నది జిగురు సీసా మూత తీయకముందే చాలావరకు తేలిపోతుంది. అందుకే ఇక్కడ రంగుల గురించి తక్కువ, రంగు దాకా రాకముందు చేసే పని గురించి ఎక్కువ ఉంటుంది.

ముందు ఏ కష్టం కావాలో ఎంచుకోండి

కష్టాల్లో రకాలున్నాయి. షార్ట్ రన్ కిట్లను తక్కువ ఒత్తిడితో, కొద్ది కాలమే పనిచేసే అచ్చుల్లో పోస్తారు. ముక్కలను సరిగ్గా కలిపే పిన్నులు ఉండవు, అంచులు మందంగా ఉంటాయి, కానోపీ (పైలట్ మీది గాజు మూత) కొన్నిసార్లు పల్చటి వాక్యూఫామ్ రేకుగా, అంటే వేడిచేసి గాలి లాగి అచ్చుకు అతికించిన పారదర్శక రేకుగా వస్తుంది. ఒకదానిపై ఒకటి రెండు రెక్కలుండే బైప్లేన్‌లో ముక్కలు బాగానే కుదిరినా, రెక్కల మధ్య స్తంభాలు, తీగలు ఏడిపిస్తాయి. రంగు వేయని అల్యూమినియం విమానమైతే కట్టడం తేలిక, ఉపరితలం మాత్రం చిన్న గీతను కూడా దాచదు. ఇక పెద్ద స్కేలు బాంబర్లలో బరువు, చోటు రెండూ సమస్యే. బీ-17 రెక్కల పొడవు 31.6 మీటర్లు, అంటే 1/32 స్కేలులో (అసలు విమానంలో 32వ వంతు) దాదాపు మీటరు. కట్టాక ఎక్కడ పెడతారో కొనకముందే ఆలోచించుకోవాలి.

ఒక కిట్‌లో ఒక్క కొత్త కష్టమే పెట్టుకోండి. మొదటి షార్ట్ రన్ కిట్, మొదటి బైప్లేన్, మొదటి లోహపు రంగు, మూడూ ఒకే పెట్టెలో కలిస్తే ఆ పెట్టె సగంలో ఆగి అటక ఎక్కుతుంది.

చిన్న స్కేలు తేలిక అనే భ్రమ కూడా వదలండి. 1/72లో అంగుళానికి ఆరడుగులు, 1/48లో పావు అంగుళానికి ఒక అడుగు. స్పిట్‌ఫైర్ రెక్కల పొడవు 11.23 మీటర్లు; అది 1/72లో 15.6 సెంటీమీటర్లు, 1/48లో 23.4, 1/32లో 35 అవుతుంది. 1/72లో ఒక్క మిల్లీమీటరు అంటే అసలు విమానం మీద 7.2 సెంటీమీటర్లు. రెక్క వెనక అంచు ఒక మిల్లీమీటరు మందంగా ఉంటే అసలు రెక్క చెక్క దూలమంత ఉన్నట్టు. స్కేలు చిన్నదయ్యేకొద్దీ తప్పు పెద్దదవుతుంది. నా మాట వింటే మొదటి మొండి కిట్‌ను 1/48లో తీసుకోండి.

పెట్టె తెరిచాక

స్ప్రూలన్నిటినీ (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలను) గోరువెచ్చని నీటిలో, రెండు చుక్కల గిన్నెల సబ్బుతో పాత టూత్‌బ్రష్‌తో కడగండి. అచ్చు నుంచి ముక్క ఊడిరావడానికి పూసే నూనె మిగిలి ఉంటే రంగు పట్టదు. ద్రవంగా పోసి గట్టిపరిచిన రెజిన్ ముక్కలకు ఇది మరీ అవసరం.

తర్వాత సూచనల కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవండి. చదివి, పెన్ను తీసుకుని వరుస మార్చండి. ఆ కాగితంలో ఉన్నది బొమ్మలు గీయడానికి వీలైన వరుస. మొదటి పేజీలోనే చక్రాల కాళ్లు, రెండో పేజీలో తుపాకీ గొట్టాలు అంటించమంటుంది. అవి అంటించి రెక్క అరగదీస్తే విరగక మానవు. బయటికి పొడుచుకొచ్చే ప్రతి ముక్కకూ ఒక గుర్తు పెట్టి చివరికి నెట్టేయండి. లోపల ఉండిపోయేవి, అంటే కాక్‌పిట్, ఎగ్జాస్ట్ గొట్టాల వెనక గోడ, తోక చక్రం బిగించే భాగం, వీటిలో ఏది ఫ్యూజలాజ్ మూశాక కూడా బయటినుంచి దూరుతుందో చూడండి. దూరేదాన్ని ఆపేయండి.

అసలు విమానం ఫొటోలు, కొలతలున్న మూడు కోణాల డ్రాయింగ్ దగ్గర పెట్టుకోండి. అతి కచ్చితత్వం కోసం కాదు. రెక్క ఎంత పైకి లేవాలి, కాళ్లు ముందుకు వాలాలా వెనక్కి వాలాలా అనేవి పిన్నులు లేని కిట్‌లో ముక్కలు చెప్పవు, డ్రాయింగే చెప్పాలి.

జిగురు లేకుండా కూర్పు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. తొందరపడే వారందరూ జారిపోయేదీ ఇక్కడే.

ముక్కను స్ప్రూ నుంచి ఒకేసారి మొదలంటా కత్తిరించకండి. షార్ట్ రన్ కిట్‌లో ముక్కను స్ప్రూకు కలిపే కాడ లావుగా ఉంటుంది, నిప్పర్ పెట్టి నొక్కితే ముక్కలో గుంట పడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో కత్తిరించి, మిగిలినదాన్ని పదునైన బ్లేడుతో చెక్కి, ఆకురాయితో సమం చేయండి. అంచుల వెంట పల్చగా పొంగిన ప్లాస్టిక్‌ను బ్లేడు నిలువుగా పట్టి గీకేయండి.

ఫ్యూజలాజ్ రెండు సగాలనూ, రెక్క సగాలనూ అతికే ముఖం కిందికి ఉండేట్టు, గాజు పలక మీద పరిచిన 400 నంబరు ఎమరీ పేపర్ మీద పెట్టి గుండ్రంగా రుద్దండి. ముక్కకు ముందే మార్కర్‌తో అంచు మీద నల్లగా గీసి ఉంచితే ఎక్కడ తగులుతోందో, ఎక్కడ పల్లం ఉందో తెలుస్తుంది. నలుపు అంతా పోయినప్పుడు ముఖం సమమైనట్టు. అక్కడితో ఆగండి, ఇంకా రుద్దితే ఫ్యూజలాజ్ సన్నబడి, ముందున్న ఇంజన్ కవచం దానికన్నా లావైపోతుంది.

రెక్క వెనక అంచును లోపలివైపు నుంచే పల్చన చేయాలి. బయట అరగదీస్తే ప్యానెల్ గీతలు (రేకుల అతుకులను చూపే గీతలు) పోతాయి.

ఇప్పుడు మాస్కింగ్ టేపుతో మొత్తం విమానాన్ని కట్టండి. నిజంగానే మొత్తం: ఫ్యూజలాజ్, లోపల కాక్‌పిట్, రెక్కలు, తోక, కానోపీ కూడా. ఒక్కో అతుకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఎక్కడ సందు ఉందో రాసుకోండి. సందుకు కారణం దాదాపు ఎప్పుడూ సందు దగ్గర ఉండదు. రెక్క మొదట్లో సందు ఉంటే, కాక్‌పిట్ నేల వెడల్పుగా ఉండి ఫ్యూజలాజ్‌ను విడదీస్తోందేమో చూడండి. లేదా చక్రాల గది పైకప్పు మందంగా ఉండి రెక్క పైభాగాన్ని ఎత్తుతోందేమో చూడండి. కాక్‌పిట్ తీసేసి మళ్లీ టేపు వేస్తే దొంగ దొరుకుతాడు. రెజిన్ కాక్‌పిట్ పెట్టేవారికి ఇది తప్పని తంతు: ఫ్యూజలాజ్ లోపలి గోడను దాదాపు కాగితంలా పల్చబడేదాకా చెక్కాలి, రెజిన్ దిమ్మ అడుగును అరగదీయాలి. రెజిన్‌ను తడిపి అరగదీయండి, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

సందు నిజంగానే ఫ్యూజలాజ్ ఇరుకుగా ఉండటం వల్లయితే, లోపల అడ్డంగా ఒక స్ప్రూ ముక్కను బిగించి దాన్ని వెడల్పు చేయొచ్చు. పావు మిల్లీమీటరు చొప్పున పొడవు మార్చి చూస్తూ, రెక్క మొదలు ఫ్యూజలాజ్‌ను తాకేదాకా నెట్టాలి. ఒక గంట పట్టే ఈ పని, తర్వాత మూడు రోజుల లప్పం పనిని మిగులుస్తుంది. స్పిట్‌ఫైర్ కట్టేవారు మరో చోట చూసుకోవాలి: రెక్క మొదట్లో కింది వెనక అంచు మెలితిరిగి ఫ్యూజలాజ్‌లో కలుస్తుంది. చాలా కిట్లలో అక్కడే మెట్టు పడుతుంది.

పిన్నులు లేని చోట మీరే తయారుచేసుకోండి. ఫ్యూజలాజ్ సగం లోపలి అంచు వెంట, పది మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున, పల్చటి ప్లాస్టిక్ షీట్ బిళ్లలను సగం బయటికి వచ్చేట్టు అంటించండి. రెండో సగం వాటి మీద కూర్చుంటుంది, మెట్టు పడదు. రెక్కకు, తోకకు రంధ్రం వేసి ఇత్తడి కడ్డీ దూర్చండి. మందమైన అంచును ఉత్త జిగురుతో అంటిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది.

ఏ జిగురు ఎక్కడ

పాలీస్టైరీన్‌కు పల్చటి ప్లాస్టిక్ సిమెంట్‌ను మించింది లేదు. ముక్కలను దగ్గర పట్టి, అతుకు మీద కుంచె తాకిస్తే అదే లోపలికి పాకుతుంది. పట్టి నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా బయటికి వస్తుంది. దాన్ని తుడవకండి, రెండు రోజులు గట్టిపడనిచ్చి బ్లేడుతో గీకేస్తే అదే సందును నింపేస్తుంది. ఫ్యూజలాజ్‌ను ఒకేసారి అంటించకుండా, రెండంగుళాలు అంటించి, ఆరాక తర్వాతి రెండంగుళాలు సరిచేస్తూ ముందుకు వెళ్లండి. వంకర ఉన్న సగాలను ఇలాగే లొంగదీస్తారు.

రెజిన్, ఇత్తడి, ఇతర లోహాలను ప్లాస్టిక్ సిమెంట్ పట్టదు. వాటికి సూపర్ గ్లూ. బరువు మోసే చోట రెండు భాగాల ఎపాక్సీ. ఎచింగ్ చేసిన (రసాయనంతో ఆకారాలు తొలిచిన) ఇత్తడి రేకుల్ని నున్నటి పలక మీద పెట్టి కోయండి. వంచాల్సినదాన్ని ఒక్క క్షణం మంట మీద చూపితే మెత్తబడుతుంది.

కానోపీ దగ్గరికి సూపర్ గ్లూను రానివ్వకండి. దాని ఆవిరి లోపలి గాజును తెల్లగా మసక చేస్తుంది. తెల్ల జిగురు చాలు.

ముక్కులో బరువు

మూడు చక్రాల్లో ఒకటి ముక్కు కింద ఉండే విమానాలు, పీ-38, బీ-25, మీ-262 లాంటివి, బరువు పెట్టకపోతే తోక మీద కూర్చుంటాయి. కాగితం మీద ఇన్ని గ్రాములని రాసి ఉన్నా నమ్మొద్దు. టేపుతో కట్టిన విమానాన్ని, వెనక చక్రాలు వచ్చే చోట అడ్డంగా ఒక పెన్సిల్ పెట్టి దాని మీద నిలపండి. ముక్కు కిందికి వాలేదాకా బరువు వేస్తూ పోయి, ఇంకాస్త చేర్చండి. రంగు, లప్పం, తోక వైపు చిన్న ముక్కల బరువు తర్వాత వస్తుంది. బరువు ఎంత ముందుంటే అంత తక్కువ సరిపోతుంది. పీ-38లో నడిమి ముక్కు చిన్నది, ఇంజన్ల ముందు కూడా నింపాలి.

సీసాన్ని తెల్ల జిగురుతో అంటించకండి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు వదిలే ఆమ్లానికి సీసం తెల్లగా పూతపట్టి ఉబ్బుతుంది, ముక్కును లోపలినుంచి చీల్చగలదు. ఎపాక్సీ వాడండి, లేదా ఉక్కు గుళ్లు తీసుకోండి.

లప్పం, ప్యానెల్ గీతలు

ఇంత చేసినా కొన్ని సందులు మిగులుతాయి. పెద్ద సందుకు లప్పం పెట్టకండి. పల్చటి ప్లాస్టిక్ షీట్ ముక్కను దూర్చి, సిమెంట్ వేసి, ఆరాక సమంగా కోయండి. లప్పం ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, షీట్ పోదు. రెక్క మొదట్లో గుండ్రంగా తిరిగే చోట, నీళ్లతో కరిగే లప్పం పెట్టి తడి బడ్‌తో తుడిస్తే అరగదీసే పనే ఉండదు. సన్న గీతలకు మిస్టర్ సర్ఫేసర్ 500 లాంటి ద్రవ లప్పం కుంచెతో పూయండి. నున్నటి ఉపరితలం కావాలంటే నల్లటి సూపర్ గ్లూ మేలు, కానీ అది పూర్తిగా రాయిలా గట్టిపడకముందే, గంటా రెండు గంటల్లో అరగదీసేయాలి.

400తో మొదలుపెట్టి 600, 1000 మీదుగా వెళ్లండి. గుండ్రటి ఫ్యూజలాజ్ మీద గట్టి చెక్కకు అంటించిన పేపర్ వాడితే చదును మచ్చ పడుతుంది. మెత్తటి స్పాంజి మీద పేపర్ మంచిది.

పోయిన ప్యానెల్ గీతలను మళ్లీ గీయాలి. మందమైన లేబుల్ టేపును అంచుగా అంటించి, స్క్రైబర్ సూదిని బరువు పెట్టకుండా నాలుగైదుసార్లు లాగండి. మొదటి రెండు సార్లు గీత కనపడకూడదు. గట్టిగా నొక్కితే సూది టేపును దాటి పక్కకు పోతుంది. లోతు ఎక్కువైనా బాగోదు: 1/72లో 0.2 మిల్లీమీటర్ల గీత అంటే అసలు విమానం మీద పద్నాలుగు మిల్లీమీటర్ల చీలిక.

వాక్యూఫామ్ కానోపీ

రేకు లోపల ఆడుకునే మెత్తటి బంకమట్టి కూరండి. అది లేకుండా కోస్తే రేకు నొక్కుకుపోతుంది. కొత్త బ్లేడుతో, ఫ్రేము గీత వెంట చాలాసార్లు తేలికగా గీయండి. కోయాలని చూడొద్దు, గీతే చివరికి తెగుతుంది. కొంచెం పెద్దగా కోసి ఎమరీ పేపర్‌తో సరిచేయండి. గీతలు పడితే 2000 నుంచి ఇంకా నున్నటి పేపర్లతో, తర్వాత పాలిష్‌తో రుద్ది, క్లియర్ అక్రిలిక్‌లో ముంచి తీస్తే మళ్లీ గాజులా అవుతుంది.

బైప్లేన్ అయితే

మొదటి బైప్లేన్‌గా కామెల్ (మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ విమానం) తీసుకోవద్దు. ఫోకర్ డీ.7 తీసుకోండి. దాని రెక్కలు లోపలి దూలాల బలంతో నిలిచేవి. రెక్కల మధ్య తీగలే లేవు. స్తంభాలు, రెక్కల వరుస నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాలను 1/32లో అద్భుతంగా చేసిన వింగ్‌నట్ వింగ్స్ 2020లో మూతపడింది. పాత పెట్టెలకు ఇప్పుడు గిరాకీ బాగా ఉంది, మొదటి ప్రయత్నానికి అవి వద్దు.

పద్ధతి ఇది. పై రెక్క తప్ప మిగతాదంతా కట్టండి. తీగ తగిలే ప్రతి చోటా 0.3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రంధ్రాలు ఇప్పుడే వేయండి. రెండు రెక్కలూ నిలిచాక డ్రిల్లు పట్టే చోటు ఉండదు. ఫ్యూజలాజ్‌కు, రెండు రెక్కలకు, తోకకు విడివిడిగా రంగు, డీకాళ్లు (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు) పూర్తిచేయండి. రంగు వేశాకే రెక్కల కలయిక. చాలామందికి ఇది తలకిందుల వరుసలా అనిపిస్తుంది, కానీ రెండు రెక్కల మధ్య ఎయిర్‌బ్రష్ దూరదు.

పై రెక్కను తలకిందులుగా బల్ల మీద పెట్టి, మందమైన అట్ట ముక్కలతో చట్రం కట్టి, అందులో ఫ్యూజలాజ్‌ను తిరగేసి నిలపండి. ముందు లోపలి స్తంభాలు, అవి గట్టిపడ్డాక బయటివి. రెండు వైపులా రెక్క చివరి నుంచి తోక దాకా దూరం దారంతో కొలవండి, సమానంగా ఉండాలి. కోణాలు డ్రాయింగ్ చూసే పెట్టండి: కామెల్‌లో పై రెక్క నేరుగా ఉంటుంది, కింది రెక్క మాత్రం పైకి లేస్తుంది. రెండూ సమాంతరమని అనుకుని కడితే స్తంభాలు పొడవు చాలవు.

తీగలకు సాగే ఎలాస్టిక్ దారం తేలిక, చెయ్యి తగిలినా తెగదు. చేపల గాలానికి వాడే సన్నటి నైలాన్ దారం బిగువుగా, నిటారుగా నిలుస్తుంది. ఏది వాడినా సన్నగా ఉండాలి, 1/72లో 0.3 మిల్లీమీటర్ల దారం రెండు సెంటీమీటర్ల కడ్డీలా కనిపిస్తుంది. బ్రిటిష్ విమానాల తీగలు చదునుగా ఉండేవి, జర్మన్‌వి గుండ్రటి కేబుళ్లు. 1/32లో కడితే ఈ తేడా చూపించొచ్చు. లోపలి తీగల నుంచి మొదలుపెట్టి బయటికి రండి.

రంగు

లాకర్ రంగులు వాడేటప్పుడు గాలి బయటికి లాగే ఫ్యాన్, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు తప్పనిసరి. గుడ్డ మాస్కు దుమ్మును ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు.

మొదట బూడిద రంగు ప్రైమర్. ఇది అతుకుల పరీక్ష. దాచామనుకున్న అతుకులు ఇప్పుడు బయటపడతాయి, మళ్లీ లప్పం, మళ్లీ ప్రైమర్. రెండు మూడుసార్లు తిరగడం మామూలే. రంగును పాలంత పల్చన చేసి, ఒక బార్ చుట్టుపక్కల ఒత్తిడితో, పలుచని పూతలుగా వేయండి.

లోహపు రంగుకు మాత్రం నున్నటి, నిగనిగలాడే నల్ల పూత అడుగున ఉండాలి. అది అద్దంలా మెరిస్తేనే పైన ఆల్‌క్లాడ్ లాంటి రంగు లోహంలా కనిపిస్తుంది. ప్రతి ప్యానెల్‌ను ఒకే వెండి రంగుతో ముంచకండి, రెండు మూడు ఛాయలు వాడండి. పీ-51 మస్టాంగ్ కట్టేవారికి ఒక సంగతి: దాని ఫ్యూజలాజ్ రంగు లేని లోహం, రెక్కలు మాత్రం గాలి నున్నగా జారడానికి అతుకులు లప్పంతో నింపి వెండి రంగు వేసినవి. కిట్‌లో రెక్క మీద రివెట్లు నిండుగా ఉంటే నింపేయడమే సరైనది, మెరుపు కూడా ఫ్యూజలాజ్ కన్నా తగ్గాలి.

డీకాళ్లు, మరకలు

మెరుపులేని మాట్ రంగు మీద డీకాల్ వేస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. కాబట్టి ముందు నిగనిగలాడే క్లియర్ (రంగులేని) పూత. డీకాల్ కూర్చున్నాక మైక్రో సాల్ లాంటి మెత్తబరిచే ద్రవం పూస్తే అది ముడతలు పడుతుంది. కంగారుపడి వేలు పెట్టకండి. ఆరేకొద్దీ అదే సర్దుకుని గీతల్లోకి దిగుతుంది. బుడగ మిగిలితే సూదితో పొడిచి మరో చుక్క. పాత కిట్‌లో డీకాళ్లు పసుపెక్కితే కిటికీ అద్దానికి, ఎండ తగిలేట్టు కొన్నాళ్లు అంటించి ఉంచండి, చాలావరకు తెల్లబడతాయి. పెళుసుగా ఉన్నాయేమోనని అనుమానముంటే అక్కర్లేని ఒకదాన్ని ముందు నీళ్లలో వేసి చూడండి. ముక్కలైతే మిగతావాటి మీద క్లియర్ పూత కొట్టి, ఆరాక వాడండి.

మరకలు, మసి, ఊడిన రంగు విషయంలో ఫొటోనే ప్రమాణం. ఎగ్జాస్ట్ మసి గాలి వెళ్లే దిక్కునే సాగాలి, పైలట్ ఎక్కే వైపు రెక్క మొదట్లోనే రంగు అరగాలి. గీతల్లో వాష్‌కు (గీతల్లోకి పాకే పల్చటి రంగుకు) నలుపు వద్దు, అడుగు రంగుకే ఇంకాస్త ముదురు ఛాయ చాలు.

ఆ తర్వాతే, మీరు మొదట్లో వెనక్కి నెట్టిన ముక్కలు: కాళ్లు, తలుపులు, పిటో గొట్టం, తుపాకీ గొట్టాలు, ఏరియల్ తీగ. కాళ్లు అంటించాక విమానాన్ని ముందు నుంచి చూసి, రెండు చక్రాలూ నేలను సమంగా తాకుతున్నాయో లేదో జిగురు పచ్చిగా ఉండగానే సరిచేయండి. కానోపీ మాస్కులు (గాజు మీద రంగు పడకుండా అంటించిన టేపులు) అన్నిటికన్నా చివర తీయండి. అంచు వెంట ముందుగా బ్లేడు మొనతో సన్నగా గీసి, తర్వాత టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి. కింద రంగు చొరబడి ఉంటే, మొన చెక్కిన టూత్‌పిక్‌ను తడిపి గీకితే వస్తుంది, గాజు మీద గీత పడదు.